నలోంగో పెరటి కాలువ

ఈస్టర్‌కి ముందు నలభై రోజుల ఉపవాసకాలం, శ్రమదినాలు, మొదలైనప్పటి నుంచి యూనివర్సిటీ చాపెల్‌లో ప్రార్థనకి వచ్చే విద్యార్థులు రెండొందల మంది ప్రతి శుక్రవారం మధ్యాహ్న భోజనం మానేస్తున్నారు. అలా మిగిలినదానితో కొన్న మొక్కజొన్న పిండి మూటలు, పారలు మోసుకుంటూ పన్నెండు మంది బ్వాయిసే మురికివాడకి బయల్దేరారు. ముందు నస్సునా నడుస్తోంది. సివిల్ ఇంజనీరింగ్ మూడో ఏడు. తన చేత్తో ఒక్క కాలువైనా పారించకపోతే ఆ డిగ్రీ దేనికన్నది ఆమె పట్టుదల.

బ్వాయిసేలో గట్టి వాన పడితే మురుగు మంచాల కిందకి వస్తుంది. కాలువ పూడుకుపోయిన చోటు నలోంగో పెరట్లో ఉంది. కవలల్ని కన్న తల్లి కాబట్టి అందరికీ ఆవిడ నలోంగోయే. అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. ఆవిడ పెరటి తలుపు తీస్తేనే పని. మబ్బులు అప్పటికే కమ్ముకొస్తున్నాయి.

నలోంగో వాళ్లని చాప మీద కూర్చోబెట్టి అరటాకుల మూట విప్పింది. ఉడికించి మెదిపిన పచ్చి అరటికాయల మటోకే, పక్కన వేరుశనగ పులుసు, పొగలు కక్కుతున్నాయి.

"చేతులు కడుక్కోండి నాయనా."

"వద్దమ్మా, ఇవాళ మాకు ఉపవాసం. మీకే పిండి తెచ్చాం," అన్నాడు సెబ్బోవా. జట్టులో వాడి నిష్ఠ మరీ ఎక్కువ.

ఆవిడ మొహం మాడిపోయింది. "ఓహో! మీ పిండి మేం తినాలి, మా కూడు మాత్రం మీ గొంతు దిగదు! తెల్లారకముందే లేచి వండానయ్యా. తీసుకెళ్లండి మీ మూటలు. నా పెరటి తలుపు నేను తియ్యను."

వడ్డించిన ఆకు కాదంటే ఆ ఇంటివాళ్లని చెంప మీద కొట్టినట్టే. ఈ ఊళ్లో పుట్టిన నస్సునాకి ఆ సంగతి తెలియక కాదు, సేవ చేస్తున్నామన్న గర్వంలో మరిచిపోయింది. సిగ్గుతో చచ్చిపోయి, మోకాళ్ల మీద కూర్చుని చెయ్యి కడుక్కుంది.

"అక్కడ రెండొందల మంది మన మాట మీద కడుపు మాడ్చుకుంటున్నారే!" సెబ్బోవా గొణిగాడు.

"ఆదివారం చాపెల్‌లో నేనే లేచి చెబుతాను, తిన్నానని. ఈవిడ కోసం పస్తుండి ఈవిడనే ఏడిపిస్తే, ఆ ఉపవాసం ఏ దేవుడికి కావాలిరా? కూర్చో."

నస్సునా మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. ఒక్కొక్కరే చేతులు కడుక్కున్నారు. సెబ్బోవా అందరికన్నా ఆఖర్న కూర్చుని, అందరికన్నా ఎక్కువ తిన్నాడు.

నలోంగో పెరటి తలుపు బార్లా తీసి, ఒక పార లాక్కుంది.

"నా చేతి కూడు తిన్నారు, ఇక మిమ్మల్ని తిట్టే హక్కు నాకొచ్చింది. ఏమిట్రా ఆ నత్తనడక? దిగండి!" అంటూ అందరికన్నా ముందు తనే మోకాళ్లలోతు మురుగులోకి దిగింది.