వెనక ముక్క మీద సుద్ద గుర్తులు

కుట్టు ఫ్యాక్టరీలో కత్తిరింపు బల్ల దగ్గర పద్దెనిమిదేళ్లుగా నిలబడ్డ మనిషిని అందరూ కత్తెరక్క అనేవారు. ఆమె గీసిన గీతకు వంక పెట్టే ధైర్యం ఆ హాల్లో ఎవరికీ లేదు. అలాంటి మనిషికి కుడి భుజం వెనక, రెక్క ఎముక దగ్గర, నొప్పి పట్టుకుంది.

ఫ్యాక్టరీ డాక్టరు తలెత్తి చూడకుండానే తేల్చేశాడు.

"కత్తెర పట్టే చెయ్యి కదమ్మా. భుజం అరిగిపోయింది."

సూపర్‌వైజర్‌కి ఆ మాట చాలు. మర్నాడే కాగితం పట్టుకొచ్చాడు. ఇకమీదట ఆమె బొత్తాల విభాగంలో కూర్చోవాలట. సంతకం పెట్టడమే తరువాయి.

కత్తెరక్కకు ఒళ్లు మండింది. ఆ బల్ల పోతే తనకంటూ ఇంకేం మిగులుతుంది? "వారం ఆగండి" అని వెనుదిరిగింది.

ఇంట్లో మొగుడు తైలం రాస్తూ నసిగాడు. "చదువుకున్న డాక్టరు చెప్పాడు కదే. నీకెందుకీ పంతం?"

"చొక్కా భుజం మీద ముడత పడితే నేను భుజం విప్పుతానా? చంక కింద ఎక్కడో బట్ట పట్టేస్తుంది. ముడత ఒకచోట, తప్పు ఇంకోచోట."

"నువ్వు చొక్కావా ఏంటి?"

"నువ్వు రాయి, మాట్లాడకు."

ఆ వారం ఆమె తన కొలతకే కాగితంతో చొక్కా ముందు ముక్క, వెనక ముక్క కత్తిరించుకుంది. నొప్పి వచ్చిన ప్రతిసారీ ఆ చోట సుద్దతో గుర్తు పెట్టి, పక్కన వేళ రాసింది, అంతకు ముందు ఏం తిన్నదో కూడా రాసింది. నలభై పొరల బట్ట కోసిన రోజున, చప్పిడి తిండి తిన్నది కాబట్టో ఏమో, ఒక్క గుర్తూ పడలేదు. సెలవు రోజున కత్తెర ముట్టనే లేదు. అయినా వేపుళ్లు లాగించిన గంటకల్లా ప్రాణం పోయినంత పనైంది. పైగా వెనక గుర్తు పడ్డప్పుడల్లా ముందు ముక్క మీద, కుడి పక్కటెముకల కింద, ఇంకో గుర్తు పడుతూనే ఉంది.

రెండు ముక్కలూ చుట్టి చంకలో పెట్టుకుని పెద్దాసుపత్రికి వెళ్లింది. అక్కడి డాక్టరమ్మ ముందు, బల్ల మీద వాటిని పరిచింది. డాక్టరమ్మ మొదట నవ్వింది. రాసిన వేళలు చదివాక నవ్వు ఆపి, పక్కటెముకల కింద వేళ్లతో నొక్కింది. కత్తెరక్కకు ఊపిరి ఆగినంత పనైంది.

"భుజానికేం కాలేదమ్మా. ఇక్కడి నొప్పే అక్కడ తెలుస్తున్నట్టుంది. స్కాన్ తీద్దాం."

స్కాన్‌లో పిత్తాశయం నిండా రాళ్లు కనిపించాయి. ఆపరేషన్ చేశారు.

నెల తర్వాత కత్తెరక్క నేరుగా తన బల్ల దగ్గరికే వచ్చింది. సూపర్‌వైజర్ అదే కాగితం తెచ్చి ముందు పెట్టాడు. "డాక్టరు రాసిచ్చారమ్మా. నా చేతుల్లో ఏముంది?"

ఆమె సంచిలోంచి చిన్న సీసా తీసింది. అందులో పదకొండు రాళ్లున్నాయి. దాన్ని ఆ కాగితం మీద టక్కున పెట్టింది.

"ఇవి నా భుజంలోంచి తీశారేమో మీ డాక్టర్ని అడిగి రండి. వచ్చేదాకా కాగితం ఎగిరిపోకుండా సీసా ఇక్కడే ఉంటుంది. సంతకం మాత్రం పెట్టను."

హాల్లో మిషన్లు ఒక్కొక్కటే ఆగాయి. కత్తెరక్క అటు చూడలేదు. బట్ట పరిచి, కుడి చెయ్యి బారుగా చాచి, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఒక్క గీత గీసింది.