నలభై ఒక్క పాదాల కొలతలు

"ఇంకో కొడుకొచ్చాడు, కాలి కొలత తీసుకో" అని గుమ్మం బయట నుంచే చెప్పేసి, లోపలికి తొంగైనా చూడకుండా గుర్రాల చావిడి వైపు వెళ్ళిపోయాడు దువాన్ చోంగ్లీ.

సూనియాంగ్ నువ్వుల రొట్టెలకి పిండి పిసుకుతోంది. పింగ్‌హె సీమంతటికీ సైన్యాధిపతి అయిన మనిషికి ఇంట్లో పన్నెండుమంది వంటవాళ్ళున్నారు. అయినా రొట్టె మాత్రం పెళ్ళాం చేతిదే కావాలి. "వాళ్ళు చేస్తే రొట్టె, నువ్వు చేస్తే తిండి" అన్నాడు ఎప్పుడో, పెళ్ళయిన కొత్తలో. ఆ ఒక్క మాటకి మురిసిపోయినందుకు ఇరవై తొమ్మిదేళ్ళుగా పిసుకుతూనే ఉంది. ఆమె చేతులు కడుక్కుని, కాగితం, కుంచె, సిరా రాయి తెచ్చుకుని వసారాలోకొచ్చింది.

కొత్త కొడుకు ఆమె కంటే ఓ ఐదేళ్ళు చిన్నవాడేమో. గడ్డం ఛాతీ దాకా ఉంది. పోయిన నెల దాకా పక్క సీమ సైన్యంలో ఉండి వీళ్ళ మీదే బాణాలు వేసినవాడు. ఇప్పుడు మోకాళ్ళ మీద కూర్చుని, ఉప్పు వేసి కాచిన టీ గిన్నె రెండు చేతులా అందిస్తూ "అమ్మా" అన్నాడు. అనడానికి అతనికీ సిగ్గే, వినడానికి ఈమెకీ సిగ్గే.

"కుడికాలు పెట్టు నాయనా."

"కడుక్కురాలేదమ్మా."

"నలభైమందిలో కడుక్కొచ్చింది ఇద్దరే. పెట్టు."

కాగితం మీద పెట్టిన పాదం చుట్టూ ఆమె కుంచె తిప్పుతుంటే అంత మనిషీ గిలిగింతలకి మెలికలు తిరిగాడు. పక్కనే గుమాస్తా కొత్త కొడుకు పేరు, తండ్రి పేరు, తేదీ రాసుకున్నాడు. తల్లి పేరుకి ఆ పుస్తకంలో గడే లేదు. ఆ సంగతి ఆమె మొదట్లో ఒకసారి అడిగితే, "మీ కుట్టు తెలుస్తుంది కదమ్మా, ఇంక పేరెందుకు" అన్నాడు గుమాస్తా, మర్యాదగానే.

చక్రవర్తి ఎక్కడో రాజధాని చాంగాన్‌లో నపుంసకుల మధ్య కూర్చున్నాడని వినడమే గాని, ఆయన మాట పసుపు నది దాటి ఈ ఉత్తరాలకి వచ్చి ఎన్నాళ్ళయిందో. ఇక్కడ ఎవడి కోట వాడిదే. కత్తి పట్టినవాళ్ళని కట్టి ఉంచడానికి డబ్బు చాలదు, ప్రమాణాలు నిలవవు. అందుకని దువాన్ చోంగ్లీ, అందరు సైన్యాధిపతుల్లాగే, మంచి సేనాని కనబడితే చాలు కొడుకుగా చేసుకునేవాడు, ఇంటి పేరు ఇచ్చేవాడు. పేరు ఆయనిచ్చేది, చెప్పులు ఈమె ఇచ్చేది. పాత గుడ్డలు గంజి పెట్టి పొరలు పొరలుగా అతికి, ఎండబెట్టి, చెప్పులు కుట్టే ఆరతో బెజ్జాలు పొడుస్తూ మైనం రాసిన జనపనార దారంతో అడుగు కుట్టాలి. ఒక్క జతకి ఆరు రోజులు. ఏటా అరిగినవి తిరిగొస్తాయి, కొత్త అడుగులు వెయ్యాలి. దాసీలు కుడితే కుదరదు. తల్లి కుట్టిందే కావాలి, లేకపోతే వాడు కొడుకెలా అవుతాడు?

"నీ కడుపున పుట్టింది ఒక్కడే. మిగతావాళ్ళందరినీ నా కొడుకే కన్నాడు" అని ఆమె అత్తగారు బతికున్నన్నాళ్ళూ వచ్చినవాళ్ళ ముందల్లా అని నవ్వేది. ఆ కాన్పులన్నిటికీ నొప్పులు మాత్రం నా వేళ్ళకే అత్తయ్యా, అని సూనియాంగ్ మనసులో అనుకునేది. పైకి అన్నది లేదు.

ఆ మధ్యాహ్నం దువాన్ చోంగ్లీ మంచం మీద కాళ్ళు చాపుకుని పడుకుంటే, ఆమె వేడి చేసిన నూనెతో మోకాళ్ళు రుద్దుతోంది. అరవై ఏళ్ళ మనిషి. యుద్ధంలో ఆయన పేరు చెబితే పక్క సీమల్లో పిల్లలు ఏడుపు మానతారట. ఇక్కడ మాత్రం, ఎడమ మోకాలు మీద వేలు కాస్త గట్టిగా పడితే చాలు, కుయ్యిమంటాడు.

"నీకో మంచి కబురు" అన్నాడు కళ్ళు మూసుకునే. "చామంతుల పండగనాడు కవాతు మైదానంలో అజీని వారసుడిగా నిలబెడుతున్నాను. ఇంకా తొమ్మిది రోజులుంది. బూట్లు మొదలుపెట్టు."

ఆమె చేతులు ఆగిపోయాయి.

అజీ వాళ్ళ కన్నకొడుకు. పదిహేడేళ్ళవాడు. ఈ సీమలో ఆనవాయితీ ఏమిటంటే, వారసుడు కాబోయేవాడు సైన్యమంతా చూస్తుండగా తల్లి కుట్టిన నల్లతోలు బూట్లు తొడుక్కుని మైదానం ఈ చివర నుంచి ఆ చివరికి నడవాలి. ఆ బూట్లతో నడిచినవాడికే సైన్యం మోకరిల్లుతుంది. మోకరిల్లిన సైన్యం ఎన్నాళ్ళు అలాగే ఉంటుందో చెప్పడానికి మాత్రం ఏ ఆనవాయితీ లేదు. పక్క సీమలో లూ గారి అబ్బాయి పంతొమ్మిదేళ్ళకి అలాగే నడిచాడు. తండ్రి పోయాడు. తరవాత పదకొండో రోజున, జీతాలు ఆలస్యమయ్యాయని, సొంత కాపలాదళమే ఆ పిల్లాణ్ణి నరికింది. వాళ్ళమ్మ పారిపోయి వచ్చి ఏడాదిగా వీళ్ళ వెనకింట్లోనే ఉంటోంది. ఇప్పటికీ భోజనానికి రెండు గిన్నెలు పెట్టుకుంటుంది.

"వద్దండీ" అంది సూనియాంగ్.

"ఏం వద్దు?"

"వాడు చిన్నవాడు. ఆ లూ గారి అబ్బాయి..."

"నీకెప్పుడూ అంతే" అని నవ్వాడాయన ప్రేమగానే. "వాడు పుట్టినప్పుడు పాలు తాగుతూ పొలమారిపోతాడన్నావు. గుర్రం ఎక్కితే పడిపోతాడన్నావు. చివరికి రేగుపళ్ళ గింజలు కూడా ఏరి పెట్టావు. నలభై ఒక్కమంది అన్నలున్నారు వాడికి, ఎవడొస్తాడు? సంతోషించవే పిచ్చిదానా. ఏ తల్లికి దక్కుతుంది ఇంత భాగ్యం?"

ఇక ఆ మాట అయిపోయినట్టే. ఆయనకి కోపమొస్తే వాదించవచ్చు, సంతోషమొస్తే ఏం చెయ్యాలో ఆమెకి ఇన్నేళ్ళయినా తెలియలేదు.

నిజమే, ఆమెకి భయమెక్కువ. దగ్గితే క్షయ అనుకుంటుంది, గుర్రాల చప్పుడు వినబడితే చావు కబురనుకుంటుంది. పదింటికి భయపడితే తొమ్మిది జరగవని ఆమెకీ తెలుసు. ఆ తొమ్మిదింటికీ అందరూ నవ్వుతారు, ఆమె కూడా నవ్వుతుంది. కానీ ఆ పదోది ఉంది కదా. లూ గారి భార్య పదోదాని గురించి భయపడలేదు, బూట్లకి అంచున ఎర్రదారంతో మేఘాలు కూడా కుట్టింది. నలభై ఒక్కమంది అన్నలంటాడీయన. ఆ అన్నల్ని ఆయన కత్తి పట్టే చేతుల్ని బట్టి ఎంచుకున్నాడు. ఆమె చూసింది వాళ్ళ కాళ్ళని. అరిగి వచ్చిన జత చేతిలోకి తీసుకుంటే చాలు, వాడు ఆ ఏడాదంతా ఎలా బతికాడో తెలిసిపోతుంది. కొందరి అడుగులు కొత్తగానే ఉంటాయి, గుర్రం దిగితే పరుపే. కొందరివి మునివేళ్ళ దగ్గరే అరుగుతాయి, తలుపుల దగ్గర మునివేళ్ళ మీద నిలబడి వినే రకం. అలాంటివాళ్ళు ఆరుగురున్నారు. ఆ ఆరుగురి పేర్లూ ఆయనకి ఎలా చెప్పాలి, చెప్పుల సాక్ష్యం మీద ఎవరైనా మనుషుల్ని అనుమానిస్తారా అని ఆమె నోరు మూసుకుంది.

మూడోవాడు యెన్‌షౌ ఒక్కడివే అడుగంతా సమంగా అరిగిపోయి, కాగితంలా వస్తాయి. సైనికులు నడుస్తుంటే తనూ గుర్రం దిగి నడుస్తాడట. అందరూ పాత చెప్పులు నౌకర్ల చేత పంపిస్తే, అతను కడిగి, ఆరబెట్టి, స్వయంగా తెచ్చి ఇస్తాడు. ఒక శీతాకాలం ఆమె పక్కన కూర్చుని ఆ కుట్టు నేర్పమన్నాడు. "నీకెందుకురా?" అంటే, "దండులో చెప్పులు తెగిపోతే కుట్టేవాడు లేడమ్మా" అన్నాడు. ఇప్పుడు దండులో సగంమంది చెప్పులకి ఆమె కుట్టే ఉంటుందట. అజీకి నాలుగేళ్ళప్పుడు మంచులో మూడు రోజుల దారి వాణ్ణి వీపున మోసుకొచ్చింది కూడా అతనే.

మర్నాడు పొద్దున ఆమె అజీని వెతుక్కుంటూ గుర్రాల చావిడికి వెళ్ళింది. ఈనలేక అవస్థపడ్డ ఒక ముసలి గుర్రం దగ్గర, భుజం దాకా తడిసిన చేత్తో, వాడు కూర్చుని ఉన్నాడు. పిల్ల బయటపడి, వంకర కాళ్ళ మీద నిలబడటానికి తంటాలు పడుతోంది.

"చూడమ్మా, అడ్డం తిరిగింది. సరిచేశాను" అన్నాడు. వాడి మొహం వెలిగిపోతోంది.

"నాన్న చెప్పాడా పండగ సంగతి?"

ఆ వెలుగు ఆరిపోయింది. గడ్డితో చెయ్యి తుడుచుకోవడం మొదలుపెట్టాడు, తుడిచిన చోటే మళ్ళీ మళ్ళీ.

"నాన్న చాలా సంతోషంగా ఉన్నాడమ్మా."

"నీ సంగతి అడుగుతున్నా."

"నువ్వు సంతోషపడతావని చెప్పాడు."

"అజీ."

"కాపలాదళం నన్ను చూసే చూపు నాకు తెలుసమ్మా" అన్నాడు మెల్లగా. "అమ్మకానికొచ్చిన గుర్రాన్ని చూసినట్టు చూస్తారు, పళ్ళు లెక్కపెడుతూ. కానీ నాన్నకి వద్దని ఎలా చెప్పను? నువ్వెప్పుడైనా చెప్పావా?"

ఆమె వాడి జుట్టులో ఇరుక్కున్న గడ్డిపరక తీసేసి వచ్చేసింది.

ఇంటికొచ్చి కొలతల పెట్టె తెరిచింది. పైన అజీ పాదం. చిన్నది, సన్నగా, అచ్చం ఆమె పాదంలాగే. దాన్ని చాలాసేపు చూసి పక్కన పెట్టింది. అడుగున ఉన్న ఇంకో కాగితం తీసింది. తీశాక కూడా భయపడింది. ఆ మూడోవాడే రేపు మనసు మార్చుకుంటే? కన్నకొడుకు పక్కలో ముల్లనుకుంటే? అనుకోవచ్చు. మనుషులు మారతారు. అయితే పట్టం కట్టుకుని కాపలాదళం మధ్య కూర్చున్న అజీ ఒక భయం, ఏ పదవీ లేకుండా కొండ అవతల మేతభూముల్లో గుర్రాలకి మందు వేసుకునే అజీ ఇంకో భయం. భయం లేని దారి ఆమెకి ఎవరూ ఎప్పుడూ చూపించలేదు. ఉన్న రెండింటిలో చిన్నదాన్ని ఎంచుకుంది. ఆరు రోజుల పని ఎనిమిది రోజులు చేసింది, వేలికి ఇత్తడి రేకు ఉన్నా రెండుసార్లు గుచ్చుకుంది.

పండగనాడు తెల్లవారేసరికే మైదానం నిండిపోయింది. ఇంట్లో ప్రతి గుమ్మానికీ చామంతులు కట్టారు. మొదటి డోలు మోగింది. మూడో డోలుకి వారసుడు బయటికి రావాలి. సూనియాంగ్ భర్తకి నడుముపట్టీ బిగిస్తోంది. ఆయన పొట్ట బిగబట్టి నిలబడ్డాడు.

"ఏవే బూట్లు? చూపించు" అన్నాడు.

ఆమె గుడ్డ విప్పింది. ఆయన ఒక బూటు చేతిలోకి తీసుకుని, తోలు నిమిరి, మెచ్చుకోబోయి ఆగాడు. అరచేతి మీద పెట్టి చూశాడు. కుడి బూటు చిటికెనవేలు దగ్గర కొద్దిగా ఉబ్బుగా కుట్టి ఉంది. యెన్‌షౌకి ఆ వేలు విరిగి వంకరగా అతుక్కుంది, ఈయన ప్రాణం కాపాడిన రోజునే.

"ఇవి అజీవి కావు."

"కావు."

రెండో డోలు మోగింది. ఆయన మొహం ఎర్రబడింది. యుద్ధాల్లో ఆ మొహం చూసినవాళ్ళు చాలామంది ఇప్పుడు లేరు. ఆమె పట్టీ ముడి వెయ్యడం ఆపలేదు.

"సైన్యమంతా బయట నిలబడి ఉంది. నన్ను నవ్వులపాలు చేస్తావా?"

"అజీనే కావాలంటే వేరే జత తొడిగించండి. ఎవరు కుట్టారని ఎవరూ అడగరు. నేను అడ్డం రాను." ఆమె గొంతు చాలా చిన్నగా వచ్చింది. "ఇరవై తొమ్మిదేళ్ళుగా వీడు నీ కొడుకు, వాడు నీ కొడుకు అని మీరు తీసుకొస్తూనే ఉన్నారు. నేను కాదనకుండా కుడుతూనే ఉన్నాను. వాళ్ళలో ఎవడి మీద ఈ ఇల్లు నిలుస్తుందో నేను చూసి చెబుతున్నాను. అజీని నాకు వదిలెయ్యండి. వాడు బతికుంటే చాలు నాకు."

దువాన్ చోంగ్లీ మంచం మీద కూర్చున్నాడు. కూర్చోవడానికి ఎడమ మోకాలు నొప్పి పెట్టినట్టుంది, చెయ్యి ఆనించాడు. బూటుని ఒళ్ళో పెట్టుకుని ఆ ఉబ్బు మీద బొటనవేలు రాశాడు.

"వాడి పేరే అనుకున్నాను మొదట" అన్నాడు చివరికి. "యెన్‌షౌనే. రెండేళ్ళుగా అనుకుంటున్నాను. కానీ నీకున్నది ఒక్కడు. వాణ్ణి కాదని ఇంకొకడికి ఇస్తే నువ్వు నా మొహం చూడవనుకున్నాను. నీకోసమేనే అజీని నిలబెడదామనుకుంది."

ఆమెకోసమట. ఆ ఒక్కడి ప్రాణం తీసుకెళ్ళి కత్తుల మధ్య పెట్టబోయింది ఆమెకోసమట. నవ్వాలో ఏడవాలో తెలియక, ముందు నవ్వింది, తరవాత ఆయన తల నిమిరింది. జుట్టు పల్చబడిపోయింది. ఎప్పుడు పల్చబడిందో చూసుకోనేలేదు.

"అడిగితే చెప్పేదాన్ని కదండీ" అంది.

మూడో డోలు మోగింది. ఆయన లేచి, బూట్లు రెండూ చంకలో పెట్టుకుని, గుమ్మం దాటాడు. అక్కడ ఆగి, వెనక్కి తిరిగి, గడప దాటి మళ్ళీ లోపలికొచ్చాడు.

"ఇంకేమైనా ఉందా? ఇప్పుడే అడుగుతున్నాను" అన్నాడు.

సూనియాంగ్ నేల మీద పడిన చామంతి ఒకటి తీసి ఆయన పట్టీలో గుచ్చింది.

"ఉంది. నలభై రెండోవాణ్ణి తెచ్చేముందు, వాడికి తల్లి కాబోయేదాన్ని అడగండి."