టైలరమ్మ గదిలో ఖాళీ కుర్చీ

శనివారం మధ్యాహ్నం మూడు కాగానే లైబ్రేరియన్ పత్రికల బల్ల ఖాళీ చేసి చుట్టూ ఎనిమిది కుర్చీలు వేసేది. దయ్యాల నవలలు చదివేవాళ్ళు వచ్చే వేళ అది. వాళ్ళు వచ్చేది చదవడానికి కాదు, పోట్లాడుకోవడానికి. ఫలానా నవలలో చివరి అధ్యాయం శుద్ధ దండగని ఒకరంటే, అదే అధ్యాయం చదివి మూడు రోజులు స్నానాల గది తలుపు గడియ పెట్టుకోలేదని ఇంకొకరు. కాంపౌండరు గారు కిటికీ పక్క కుర్చీలో కూర్చుని అన్నీ వినేవారు. ముప్పై ఏళ్ళు ఒకే క్లినిక్‌లో మందులు కలిపి, సూదులు వేసి, రిటైరైన మనిషి. నోరు విప్పగా ఎవరూ చూడలేదు.

ఆ ఏడాది గొడవంతా ఎర్రట్ట నవల గురించే. చదివిన ప్రతివాళ్ళ ఇంట్లోనూ ఒక గది పెరిగింది. నవలలో రాసినట్టే కిటికీ లేని చిన్న గది, మధ్యలో గోడకేసి తిప్పిన కుర్చీ, అందులో మనకి వీపు పెట్టి కూర్చున్న మనిషి. ఎవరికి మనం జవాబు చెప్పుకోవలసి ఉందో వాళ్ళే వచ్చి కూర్చునేవాళ్ళు. ఇళ్ళు చూపించే బ్రోకర్లు "రెండు గదులు, వంటిల్లు, ఇంకా ఆ గది" అని చెప్పడం అలవాటు చేసుకున్నారు. సున్నం వేసేవాళ్ళు తలుపు దగ్గర ఆగి "లోపల మనిషున్నారా, ఖాళీయేనా?" అని అడిగి పనిలో దిగేవాళ్ళు.

కాంపౌండరు గారి గదిలో ఏడేళ్ళ పిల్ల కూర్చుంది. రెండు జడలు, ఒక జడకి రిబ్బను ఊడి వేలాడుతూ ఉండేది. కాళ్ళు నేలకి అందక గాల్లో ఊగేవి. ఆయన పొద్దున్నే కాఫీ కూడా తాగకుండా లోపలికి వెళ్ళి, ఆ పిల్ల వెనక గోడకి చేరగిలబడి కూర్చునేవారు. పిల్ల తిరిగేది కాదు. ఆయన పిలిచేవారూ కాదు. మధ్యాహ్నానికి మోకాళ్ళు పట్టేసి గోడ పట్టుకుని లేచేవారు. ఆర్నెల్లలో మనిషి పుల్లలా అయిపోయారు.

కూతురు బడిలో లెక్కల టీచరు. తండ్రీ కూతుళ్ళిద్దరే ఆ ఇంట్లో. ఆ పిల్ల ఎవరని ఆమె ఎన్నిసార్లు అడిగినా ఆయన తల అడ్డంగా ఊపేవారు. ఇంతలో ఆమెకి వేరే ఊరికి బదిలీ అయింది.

"నాన్నా, రేపు మ్యాట్నీకి రెండు టిక్కెట్లు తెచ్చాను," అంది ఒక శనివారం పొద్దున. "ఎర్రట్ట నవల సినిమా. నువ్వు రావాలి."

"నాకెందుకమ్మా సినిమా?"

"ఎందుకో నీకు తెలీదా? చూసొచ్చిన వాళ్ళందరి గదుల్లోనూ పాత మనుషులు పోయి హీరోయిన్ కూర్చుంటోందట. నీ గదిలోనూ అదే జరుగుతుంది. అప్పుడు తాళం వేసి నాతో వచ్చేద్దువు గాని. నిన్నిలా వదిలేసి నేనెలా వెళ్ళను?"

ఆయన టిక్కెట్ల వైపు చూసి, చొక్కా తొడుక్కుని, లైబ్రరీ తెరవకముందే వెళ్ళి మెట్ల మీద కూర్చున్నారు.

ఆ మధ్యాహ్నం బల్ల దగ్గర గొడవ అప్పటికే ముదిరింది.

"నవల్లో మొహం ఎక్కడైనా చూపించాడా? మూడొందల పేజీలూ వీపే!" అంటోంది లైబ్రేరియన్. "అందుకే ఒళ్ళు జలదరించింది. సినిమావాడు పావుగంట తిరక్కుండానే హీరోయిన్ మొహానికి సున్నం కొట్టి మనవైపు తిప్పేశాడు. పైగా ఆ డప్పులొకటి, చెవులు చిల్లులు పడేలా."

డ్రాయింగ్ మాస్టారు ఒప్పుకోలేదు. "తిప్పితేనేం? నా మట్టుకు సినిమానే మేలు. పుస్తకం నిద్ర చెడగొట్టింది, సినిమా నిద్ర తెప్పించింది. మా గదిలో అన్నయ్య కూర్చునేవాడు. చివరి రోజుల్లో కబురు పెట్టినా నేను పోలేదులెండి. సినిమా చూసి ఇంటికొచ్చేసరికి వాడు లేడు, ఆ అమ్మాయి ఉంది. గంటకోసారి కెవ్వుమంటుంది, అంతే. మా ఆవిడ పాత ట్రంకు పెట్టెలన్నీ అందులో సర్దేసింది."

అందరూ నవ్వారు.

"వెళ్ళేటప్పుడు మీ అన్నయ్య ఏమైనా అన్నాడా మాస్టారూ?" అని అడిగింది లైబ్రేరియన్.

"ఏమో. నేను సినిమాలో ఉన్నాను కదా," అని మాస్టారు కళ్ళద్దాలు తుడుచుకోవడం మొదలుపెట్టారు. నవ్వు ఆగిపోయింది.

అప్పుడు గుమ్మంలోంచి ఒకావిడ లోపలికి వచ్చింది. భుజం మీద కొలతల టేపు అలాగే ఉంది. పక్క వీధిలో జాకెట్లు కుట్టే టైలరమ్మ. ఆవిణ్ణి చూడగానే కాంపౌండరు గారు కిటికీ వైపు తిరిగిపోయారు. ఇరవై రెండేళ్ళుగా ఆయన ఆ వీధిలో నడవలేదు. బజారుకి కూడా ఊరు చుట్టి పోయేవారు.

టైలరమ్మ ఎర్రట్ట నవల బల్ల మీద పెట్టింది. "దీన్ని మూడుసార్లు చదివానమ్మా. వేరే ప్రతి ఏమైనా ఉందా? ఇందులో పేజీలు పోయాయేమోనని."

లైబ్రేరియన్ తిరగేసి చూసింది. "అన్నీ ఉన్నాయే. ఏం, గది రాలేదా?"

"గది వచ్చింది. కుర్చీ వచ్చింది. కుర్చీలో ఎవరూ లేరు."

"అయితే అదృష్టవంతురాలివి! ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదన్నమాట."

"ఆ అదృష్టం నాకెందుకు?" అంది టైలరమ్మ. గొంతు పెంచలేదు. "మా పాప వస్తుందనుకున్నాను. ఏడేళ్ళప్పుడు జ్వరంతో పోయింది. పెళ్ళివాళ్ళ జాకెట్లు అయ్యాక క్లినిక్‌కి తీసుకుపోదామని ఆ పొద్దున రెండు గంటలు ఆలస్యం చేశాను. నా చేతులారా చంపుకున్నాననే కదా ఇన్నేళ్ళూ బతికింది. మరి నా గదికి కాక ఎవరి గదికి పోతుందది?"

ఆవిడ పుస్తకం తీసుకుని, నాలుగోసారి చదువుతానని చెప్పి వెళ్ళిపోయింది.

కాంపౌండరు గారు లేచారు. వీధి మలుపులో ఆవిణ్ణి కలుసుకున్నారు.

"అమ్మా," అన్నారు.

ఆవిడ ఆగి గుర్తుపట్టింది. "అన్నయ్యా! ఎంత చిక్కిపోయారు! ఆ రోజు మా పాపని ఎత్తుకుని నాతోపాటు ఏడ్చింది మీరొక్కరే. మిమ్మల్ని మర్చిపోలేదు."

ఆ మాటతో ఆయన సగం చచ్చిపోయారు. మిగిలిన సగంతోనే చెప్పారు.

"నువ్వు ఆలస్యం చేయలేదమ్మా. ఆ జ్వరానికి రెండు గంటలు పెద్ద లెక్క కాదు. డాక్టరు భోజనానికి వెళ్ళాడు. బీరువాలో రెండు సీసాలు పక్కపక్కనే ఉన్నాయి, ఒకే మూత, ఒకే రంగు. నేను సీసా మీది చీటీ చూడలేదు. ఒకదానికి బదులు ఇంకోటి ఎక్కించాను. డాక్టరు వచ్చి చూసి, జ్వరం తలకెక్కిందని రాశాడు. నేను నోరు మూసుకున్నాను. మీ పాప మా ఇంట్లో ఉందమ్మా. ఆర్నెల్లుగా."

టైలరమ్మ భుజం మీది టేపు తీసి చేతికి చుట్టుకుంది. విప్పి మళ్ళీ చుట్టుకుంది. ఆవిడ అరుస్తుందనీ, కొడుతుందనీ ఆయన ఎదురుచూశారు. ఆవిడ ఒక్కటే అడిగింది.

"ఇల్లెక్కడ?"

ఆయన ముందు నడిచారు, ఆవిడ వెనకాలే వచ్చింది. కూతురు తలుపు తీసి, ఎవరీవిడ అన్నట్టు తండ్రి మొహం చూసింది. ఆయన ఆ గది వైపు చెయ్యి చూపించారు. టైలరమ్మ చెప్పులు విడిచి లోపలికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది.

బయట ఆయన కూతురికీ అదంతా చెప్పారు. ఆమె వింటూ వింటూ నేల మీద కూలబడింది. చివరికి, "ఇన్నేళ్ళు నాతో నవ్వుతూ ఎలా ఉన్నావు నాన్నా?" అంది.

లోపల మొదట ఏ చప్పుడూ లేదు. తర్వాత కుర్చీ కోళ్ళు నేల మీద గీసుకుంటూ తిరిగిన చప్పుడు. ఆర్నెల్లలో ఒక్కసారీ వినని చప్పుడది. ఆ పైన టైలరమ్మ గొంతు, సన్నగా, ఏదో జడ వేస్తూ విసుక్కుంటున్నట్టు.

గంట దాటాక ఆవిడ బయటికి వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, మొహం మాత్రం రాయి.

"సూది గుచ్చినప్పుడు ఏడ్చిందా?"

"లేదమ్మా," అన్నారు కాంపౌండరు గారు. "నన్ను చూసి నవ్వింది. చీమ కుట్టినట్టే ఉందంది."

ఆవిడ తల ఊపింది. బల్ల మీద సినిమా టిక్కెట్లు కనిపించాయి. వాటివైపే చూస్తూ అంది. "మిమ్మల్ని క్షమించమని అడక్కండి. నా వల్ల కాదు. పోలీసులకి చెప్పనూ చెప్పను, జైల్లో పెడితే ఈ గది ఏమవుతుందో నాకు తెలీదు. మీరు ఆ సినిమా చూడకూడదు. ఈ ఇల్లు వదలకూడదు. పొద్దున్నే తలుపు తియ్యాలి. అంతే."

"అలాగేనమ్మా," అన్నారాయన.

కూతురు ఆ ఆదివారం టిక్కెట్లు చించేసింది. నెల తిరిగేసరికి ఒక్కతే పెట్టె సర్దుకుని కొత్త ఊరికి వెళ్ళిపోయింది. బస్సు దగ్గర తండ్రి చేతికి వారానికి సరిపడా మాత్రలు ఇచ్చింది కానీ మొహంలోకి చూడలేకపోయింది. ఉత్తరాలు రాస్తుంది. "ఆరోగ్యం జాగ్రత్త" అని ఉంటుంది, "నాన్నా" అని ఉండదు.

టైలరమ్మ కుట్టు మిషను ఆ గదిలోకి చేరింది. రోజూ ఎనిమిదింటికి వస్తుంది, చీకటి పడకముందే వెళ్తుంది. పగలంతా లోపల మిషను చప్పుడు, మధ్యమధ్య చిన్న నవ్వు. ఆ నవ్వు విన్నప్పుడల్లా కాంపౌండరు గారు చేస్తున్న పని ఆపి నిలబడిపోతారు. లోపలికి పోయే ధైర్యం ఇప్పుడు ఆయనకి లేదు. కాఫీ కలిపి గుమ్మం దగ్గర పెడతారు. గ్లాసు తర్వాత ఖాళీగా ఉంటుంది. ఆవిడ మాత్రం ఆయనతో ఒక్క మాటా మాట్లాడలేదు. అలా వేసవి పోయింది, వానలూ పోయాయి.

లైబ్రరీలో ఇప్పుడు వేరే నవల మీద కొట్టుకుంటున్నారు. కిటికీ పక్క కుర్చీ ఖాళీ. డ్రాయింగ్ మాస్టారు ఒకసారి వచ్చి వీధిలోంచే మిషను చప్పుడు విన్నారట. "మా గదిలో ఆ కెవ్వుమనడం తప్ప ఏమీ లేదండీ," అని గేటు పట్టుకుని కాసేపు నిలబడి వెళ్ళిపోయారట.

ఒక సాయంత్రం టైలరమ్మ చెప్పులు తొడుక్కుంటూ గుమ్మంలో ఆగింది. వెనక్కి తిరక్కుండానే మాట్లాడింది.

"రేపు నాకు ఆసుపత్రిలో పనుంది. మధ్యాహ్నం దాకా రాలేను. మీరు లోపలికి వెళ్ళి దీపం పెట్టి, నేను వచ్చేదాకా దాని పక్కన కూర్చోండి."

"నేనా అమ్మా?" అన్నారు కాంపౌండరు గారు.

"ఇంకెవరున్నారు? చీకటంటే దానికి భయం," అని ఆవిడ మెట్లు దిగింది.