కొత్తమ్మ పలక

తడిగుడ్డతో పలకను ఒకసారి అడ్డంగా, ఒకసారి నిలువుగా తుడిచి, కిటికీ వెలుతురుకు ఎత్తి చూసింది కొత్తమ్మ. మూలన ఒక గీత ఇంకా తెల్లగా కనిపిస్తోంది. బొటనవేలికి గుడ్డ చుట్టి దాన్ని కూడా రుద్దేసింది. పొద్దున మొదటి పాఠంలో నేర్చుకున్నదంతా పోయింది. ఇక రెండో పాఠానికి ఆమెకు ఒక్క అక్షరం కూడా రాదు.

ఆ శిక్షణ కేంద్రంలో ఆమె ఉద్యోగమే అది. వయోజనులకు చదువు చెప్పబోయే టీచర్లు అక్కడికి శిక్షణకు వస్తారు. అసలు క్లాసుకు వెళ్లేముందు ఎవరో ఒకరి దగ్గర చెయ్యి తిరగాలి కదా. ఆ ఎవరో ఒకరు కొత్తమ్మ. అక్షరమ్ముక్క రాని మనిషిగా బల్ల దగ్గర కూర్చుని, వచ్చిన ప్రతి టీచరు దగ్గరా మొదటి మాట నేర్చుకుంటుంది. నిజానికి ఆ భవనంలో అందరికంటే పాత మనిషి ఆమే. అయినా ప్రతి పాఠంలోనూ కొత్తగా చేరిన విద్యార్థి ఆమే కాబట్టి ఎవరో సరదాకి కొత్తమ్మ అన్నారు. ఆ పేరే స్థిరపడిపోయింది.

మొదట్లో అక్కడ నేల తుడవడానికి చేరింది. ఒక రోజు రావలసిన విద్యార్థులెవరూ రాకపోతే అప్పటి మేడమ్ ఆమెను పిలిచి, "కాసేపు ఇలా కూర్చోమ్మా" అంది. ఆ బ్యాచ్ టీచర్ల చేతుల్లోనే కొత్తమ్మకు నిజంగా చదువు వచ్చేసింది. మరి తర్వాతి బ్యాచ్‌కి ఎవరు? "మర్చిపోతావా ఏంటి?" అని మేడమ్ నవ్వింది. కొత్తమ్మ నవ్వలేదు. "చూస్తానండి" అంది.

మర్చిపోవడమంటే నటించడం కాదు. నటించేవాళ్లు తెలిసినదాన్ని దాచుకుంటారు, ఎక్కడో ఒకచోట దొరికిపోతారు. కొత్తమ్మ దాచుకోదు, వెనక్కి వెళ్తుంది. చార్టు మీది అక్షరాలు గోడ మీద చెమ్మ మరకల్లా కనిపించిన ఆ మొదటి రోజుకు వెళ్లి కూర్చుంటుంది. అరచేతులకు చెమట పడుతుంది. బలపం బరువెక్కుతుంది. అక్కణ్నుంచి టీచరు నడిపిస్తేనే ముందుకు వస్తుంది, లేకపోతే అక్కడే ఉండిపోతుంది. ఎవరైనా సరిగ్గా చెప్పినప్పుడు మాత్రం, మరక కాస్తా మాటగా పలికే ఆ క్షణంలో ఆమె ఒళ్లు జలదరిస్తుంది. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఆ జలదరింపు పాతబడలేదు. ఒక మనిషి ఇన్నిసార్లు మొదటిసారి చదువు నేర్చుకోవడమేమిటో, తలచుకుంటే ఆమెకే వింతగా ఉంటుంది.

సాయంత్రం బస్సులో దారి పొడవునా అంగళ్ల బోర్డులు చదువుకుంటూ ఇంటికి వెళ్తుంది. పగలంతా వదిలేసిన అక్షరాలు ఒక్కొక్కటే వచ్చి చేరతాయి. ఇంటి దగ్గర భర్తకు ఇదంతా వేళాకోళం. బస్సు నడిపి నడిపి రిటైరైన మనిషి, గుమ్మంలోనే అడుగుతాడు.

"ఇవాళ ఎంత మర్చిపోయావ్?"

"అంతా."

"నన్ను కూడానా?"

"ముందు మిమ్మల్నే."

ఇవాళ రెండో పాఠం పెద్ద మాస్టారిది. శిక్షణకు వచ్చినవాళ్లలో వయసు మళ్లినవాడు ఆయనొక్కడే. పిల్లల బడిలో ఏళ్ల తరబడి చెప్పి, ఆ బడి మూతపడితే ఇటు వచ్చాడు. పోయినసారి పరీక్ష పాఠంలో కొత్తమ్మను చేతులు కట్టుకుని కూర్చోమన్నాడు. ఆమె కట్టుకుంది. ఆమె ఒక గీత గీయగానే "వెరీ గుడ్, అందరూ చప్పట్లు!" అన్నాడు. గదిలో ఉన్నది ఆమె, వెనక బెంచీ మీద మార్కులు వేసే మేడమ్. ఎవరు కొట్టాలో తెలియక తన చప్పట్లు తనే కొట్టుకుంది కొత్తమ్మ. ఆ రోజు ఆమెకు ఒక్క అక్షరమూ అంటలేదు. మాస్టారు తప్పాడు. ఇవాళ కూడా తప్పితే ఆయనకిక క్లాసు ఇవ్వరు. ఆ వయసులో ఇంకో పని ఎవరు ఇస్తారు?

కొత్తమ్మ వరండాలో టీ తాగుతుంటే ఆయనే దగ్గరికి వచ్చాడు.

"అమ్మా, మీకు చదవడం వచ్చని అందరికీ తెలుసు. ఇవాళ కాస్త... వచ్చేసినట్టు ఉండండి. మీ మేలు మర్చిపోను."

"మీరు చెప్తే వస్తుంది మాస్టారూ."

"రాకపోతే?"

"రాకపోతే రేపు మీ ముందు కూర్చునేవాళ్లకీ రాదు కదండీ. వాళ్లు మిమ్మల్ని ఒక్క మాట అనరు. నాలుగు రోజులు వచ్చి, మాకు బుర్ర లేదులే అనుకుని మానేస్తారు. నేనూ అలా మానేద్దామనుకున్నదాన్నే."

ఆయన తలవంచుకుని వెళ్లిపోయాడు. కొత్తమ్మకు టీ సయించలేదు. చార్టు చూసి గడగడా చదివేస్తే ఆయన గండం గడుస్తుంది. ఆ ఆలోచన వచ్చినందుకే ఆమెకు భయం వేసింది.

పాఠం మొదలైంది. మాస్టారు ఈసారి చేతులు కట్టుకోమనలేదు గానీ, గొంతు మాత్రం మళ్లీ చంటిపిల్లల్ని బుజ్జగించే గొంతే. చార్టు మీద కర్రతో కొట్టి "బల్ల" అన్నాడు. "ఏదీ, అనాలి మరి!" అన్నాడు. ఆమె అంది. ఏది బల్లో చూపించమంటే చూపించలేకపోయింది. ఆయన ఆమె వేళ్లు పట్టుకుని బలపం గబగబా తిప్పించాడు. పలక మీద ఏదో పడింది, అది ఆమెది కాదు. ఆమె మరకల దగ్గరే కూర్చుని ఉంది. ఎంత జాలి వేసినా అక్కణ్నుంచి ఒక్క అడుగు కూడా దొంగతనంగా వెయ్యలేదు.

చివరికి మాస్టారు కర్ర బల్ల మీద పెట్టి, ఆమె పక్కన బెంచీ మీద కూలబడ్డాడు. వెనక మేడమ్ ఉన్న సంగతే మర్చిపోయినట్టున్నాడు.

"నాకు రావట్లేదమ్మా" అన్నాడు, మామూలు గొంతుతో. "అసలు మీకు ఏం చదవాలని ఉంది?"

ఇన్నేళ్లలో ఆ మాట ఆమెను అడిగినవాళ్లు లేరు. అందరూ చార్టులో మాటలతోనే వచ్చారు, బల్ల, పలక, గంప. కొత్తమ్మ ఆలోచించుకునేలోపే నోట్లోంచి ఒక పేరు వచ్చేసింది.

"ఎవరావిడ?"

"మా పిన్ని. నన్ను పెంచింది."

వీధిలో చిన్నాపెద్దా అందరికీ ఆవిడ పిన్నే. ఆస్పత్రి చీటీలో కూడా ఫలానా ఆయన భార్య అనే రాశారు. ఆవిడ పేరు ఎక్కడా ఎవరూ రాసిన పాపాన పోలేదు. చదువు వచ్చాక కొత్తమ్మ కూడా రాయలేదు. రోజూ బలపం చేతిలోనే ఉన్నా ఆ పేరు ఆమెకు తట్టనేలేదు.

మాస్టారు చార్టు వైపు చూడలేదు. "ఆ పేరు మెల్లగా అనండి. మొదట ఏం వినిపిస్తోంది?" అన్నాడు. ఆమె అంది. ఆయనా అని చూసుకున్నాడు. పలక తుడిచి, దాని మీద ఒక అక్షరం రాసి, బలపం ఆమెకిచ్చి, తన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆమె తప్పు రాస్తే తుడవలేదు, ఆగాడు. ఆమే చూసుకుని దిద్దుకుంది. అలా ఒక అక్షరం, ఇంకొకటి, ఆపైన ఇంకొకటి. అప్పుడు ఆమె వేలు పెట్టి చదివింది.

పలక మీద పిన్ని ఉంది.

కొత్తమ్మ ఒళ్లంతా జలదరించింది. ఇది వెనక్కి వెళ్లి తెచ్చుకున్నది కాదు. ఇంతవరకూ ఈ లోకంలో లేని మాట ఇప్పుడే, ఆమె చేతి కింద పుట్టింది. మాస్టారు చప్పట్లు కొట్టలేదు. "ఇంకోసారి చదవండి" అన్నాడు, తనకు కూడా వినాలని ఉన్నట్టు. ఆమె చదివింది.

మేడమ్ పెన్నుకు మూత పెట్టింది. "వచ్చే వారం నుంచి క్లాసు తీసుకోండి మాస్టారూ" అంది.

కొత్తమ్మ అలవాటుగా తడిగుడ్డ అందుకుంది. పలక దాకా వెళ్లిన చెయ్యి ఆగిపోయింది. "ఇవాళ్టికి ఉండనివ్వండి, రేపొచ్చి తుడుస్తా" అంది, ఏదో తప్పు చేస్తున్నట్టు. పలకను కిటికీలో ఆనించి, గుడ్డ పక్కన పెట్టి బయల్దేరింది.

బస్సులో ఆ సాయంత్రం ఏ బోర్డూ చదవలేదు.

"ఇవాళ ఎంత మర్చిపోయావ్?" అన్నాడు భర్త.

"ఏమీ మర్చిపోలేదు" అంది. చెప్పులు విప్పి కుర్చీలో వాలి, పిన్ని పేరు చెప్పింది.

"మీ పిన్ని పేరు అదా! ఇన్నేళ్లుగా నాకు తెలియనే తెలియదే" అని ఆశ్చర్యపోతూ ఆయన టీ పెట్టడానికి లోపలికి వెళ్లాడు. రెండు కప్పులతో వచ్చేసరికి ఆమె తల ఒక పక్కకు వాలి ఉంది. అలిసిపోయిందిలే అనుకుని, ఆమె కప్పు మీద సాసరు మూత పెట్టి, పక్కనే చప్పుడు చేయకుండా కూర్చున్నాడు. టీ చల్లారిపోతుందని కాసేపటికి పిలిచాడు. ఆమె పలకలేదు.

కొత్తమ్మ కోసం కేంద్రానికి మర్నాడు సెలవిచ్చారు. ఆ తర్వాత రోజు ఎవరో టీచరు పాఠానికని పలక అందుకోబోతే పెద్ద మాస్టారు వద్దన్నాడు. బీరువాలోంచి ఇంకో పలక తీసి ఇచ్చాడు. కిటికీలో ఆ పలక అలాగే ఉంది, కాస్త వణికిన మూడు అక్షరాలతో, పక్కన ఎండి బిగుసుకుపోయిన గుడ్డతో.