చిన్నతల్లి పక్కన కుర్చీ

నాకు చిన్నతల్లి అంటే కుళ్లు. అరవై దాటిన మనిషి, కళింగపట్నంలో చేపలు ఎండబెట్టుకుని బతికింది. నిప్పు నోటి లోపలికి పెట్టుకుని అడ్డపొగ చుట్ట కాల్చీ కాల్చీ అంగిట్లో కేన్సరు తెచ్చుకుంది. అలాంటిదాన్ని చూసి కుళ్లుకోవడమేమిటని మీరనుకోవచ్చు. మా ఆయనతో పాతికేళ్లు కాపరం చేసుంటే అనుకోరు.

మా ఆయన డాక్టర్ కృపానిధి. శ్రీకాకుళంలో క్లినిక్కు. నాడి పట్టుకుంటూనే మందు రాసేసే రకం. పేషెంటు తన గోడు మొదలెట్టేసరికి చేతిలో చీటీ ఉంటుంది. ఇంట్లోనూ అంతే. నేనేదైనా చెప్పబోతే "విషయానికి రా" అంటారు. నేను విషయానికి వచ్చేలోగా బండి వీధి దాటేస్తుంది.

అలాంటి మనిషి, ఆ ఏడు విజయనగరంలో ఫేమిలీ డాక్టర్లకి శిక్షణ పెడితే చేరారు. నయంకాని జబ్బులవాళ్లకి నొప్పి ఎలా తగ్గించాలి, వాళ్లతో ఎలా మాట్లాడాలి అన్నది ఆ చదువు. ఆదివారం క్లాసులు. చర్చి మానేసి మరీ వెళ్లేవారు. మార్ఫిన్ మాత్రలు ఎవరికి ఎంత ఇవ్వాలో నేర్పారు, సరే. కుర్చీ మంచం పక్కకి లాక్కుని కూర్చోవాలని, ఒక్క ప్రశ్న అడిగి ఇక నోరు మూసుకుని వినాలని కూడా నేర్పారట.

నేర్చిన విద్యంతా పట్టుకెళ్లి చిన్నతల్లి దగ్గర పెట్టారు. సాయంత్రం క్లినిక్కు కట్టేసి కళింగపట్నం వెళ్లడం, ఆవిడ పక్కన గంటసేపు కూర్చుని రావడం. వచ్చాక కూడా ఆవిడ కబుర్లే. చిన్నతల్లి ఇవాళ గంజి తాగింది. చిన్నతల్లికి నిద్ర పట్టింది. చిన్నతల్లి నవ్వింది. నేనూ నవ్వుతాను, ఎప్పుడైనా చూశారా అనుకుంటూ వడ్డించేదాన్ని. ఒకసారి కడుపు మండి చారులో ఉప్పు రెండుసార్లు వేశాను. ఉప్పెక్కువైందన్నారు తప్ప ఎందుకైందని అడగలేదు.

ఒక శనివారం మధ్యాహ్నం, క్లాసువాళ్లు ఇంట్లో ప్రాక్టీసు చెయ్యమన్నారని నన్ను మంచం మీద పడుకోమన్నారు. నేను పేషెంటునట. ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"నీకు అన్నిటికంటే కష్టంగా ఉన్నదేటి?"

"మీరే."

"అలాక్కాదు గ్లోరీ. పేషెంటులా చెప్పు."

నవ్వులాటకే అన్నాను ఆ మాట. కానీ ఆ మెత్తని గొంతు నాకు కొత్త. చిన్నతల్లికి రోజూ వినబడే గొంతు ఇదన్నమాట అనుకోగానే ఒళ్లు మండింది. ఆ మంటలో మా అమ్మ గుర్తొచ్చింది. చాలా ఏళ్ల కింద నౌపడలో, గర్భసంచి కేన్సరుతో పోయింది.

"పేషెంటులాగే చెప్తన్నాను. మా అల్లుడు డాక్టరు. నేను నొప్పికి దిండు కొరుక్కుంటంటే, గుమ్మంలో నిలబడి, ఓర్చుకోవాలి అత్తయ్యా అని వెళ్లిపోయాడు. మళ్లీ నన్ను పెట్టెలో పెట్టాకే వచ్చాడు."

ఆయన మాట్లాడలేదు. పేషెంటు చెప్పాక కాసేపు ఆగాలని క్లాసులో నేర్పిన మౌనమో, సొంత మౌనమో నాకు తెలియలేదు. తర్వాత లేచి బండి తీసుకుని వెళ్లిపోయారు. ఎక్కడికో చెప్పక్కర్లేదు.

అప్పుడు తెలిసింది నా కుళ్లు దేనికో. ఆ కుర్చీ, ఆ మాత్రలు మా అమ్మకి దక్కలేదు. చిన్నతల్లికి దక్కుతున్నాయి.

సోమవారం నేనూ వస్తానన్నాను. వద్దనలేదు. కళింగపట్నంలో దిగాక ఆయన వాకిట్లో చేతులు కడుక్కుంటుంటే నేను ముందుగా లోపలికి వెళ్లి, ఆ కుర్చీలో కూర్చున్నాను. కావాలనే కూర్చున్నాను.

చిన్నతల్లి తల తిప్పి చూసింది. మాట ముద్దగా వస్తోంది.

"నువ్వేనా గ్లోరమ్మవి? మీ యమ్మ సంగతి డాట్రుబాబు ఎప్పుడో సెప్పినారు. ఈ మాత్తర్లు అప్పుడు తెలిస్తే మా అత్తకి ఇద్దును గదా అని ఏడిసినారు. ఏటీ సెయ్యలేక, ఆ నొప్పి సూడలేక పారిపోనానన్నారు. నీకూ సెప్పే ఉంటారు."

"చెప్పారు," అన్నాను. లేదంటే పరువేం కావాలి?

కుళ్లు పోలేదు సరికదా, రెట్టింపయింది. ఆ ఏడుపు నా దగ్గర ఏడవాల్సింది. మా అమ్మ కోసం ఏడ్చిన ఏడుపు పరాయిమనిషికి ఇచ్చేసి, ఇంటికొచ్చి నాతో చారులో ఉప్పు గురించి మాట్లాడారు. అయినా చిన్నతల్లి చెయ్యి నా చేతిలోనే ఉంది. ఎప్పుడు పట్టుకున్నానో నాకే తెలీదు. ఆయన లోపలికొచ్చి, తన కుర్చీలో నన్ను చూసి గుమ్మంలోనే ఆగిపోయారు.

తిరిగొచ్చేటప్పుడు, బండి మీద వెనకనించి చెప్పాను.

"ఇంటికెళ్లేక మళ్లీ ప్రాక్టీసు చేద్దాం. ఈసారి మంచం మీద మీరు పడుకోండి. కుర్చీలో నేను కూర్చుంటాను."