మూఢం పోయేదాకా

ఈశ్వరయ్య అంకుల్ చెడ్డవారైతే నాకీ బాధ ఉండేది కాదు. ఎంచక్కా తిట్టుకుని నా పని నేను చూసుకునేదాన్ని. అమెరికాలో మా బెంటన్‌విల్‌లో కొత్తగా దిగిన ప్రతి తెలుగువాడికీ డ్రైవింగ్ నేర్పించి, ఇల్లు దొరికేదాకా తమ ఇంట్లోనే అన్నం పెట్టించే మనిషి. మా తెలుగు సంఘానికి అధ్యక్షుడు. ఆఫ్రికాలో మలావీ దేశంలోని ఒక పల్లెకు విత్తనాలు ఇప్పిద్దామన్న ఆలోచన కూడా ఆయనదే.

పథకం సులువైనదే. ఆ ఊళ్లో ఎస్నాత్ అనే ఆవిడ ఆడవాళ్ల సంఘం నడుపుతోంది. మేం డబ్బు పంపితే వాళ్లు అక్కడే వేరుశనగ, బొబ్బర్ల విత్తనాలు కొంటారు. పంట వచ్చాక ప్రతి ఇల్లూ తీసుకున్నదానికి రెట్టింపు పక్కింటికి ఇస్తుంది. అలా ఊరంతా తిరిగేసరికి వాళ్లకు మా అవసరమే ఉండదు. విత్తనం దొరకని ఇల్లు మాత్రం సొంత చేను బీడు పెట్టి, పెద్ద తోటల్లోకి కూలికి పోవాలి. డిసెంబరులో తొలివానలు పడగానే విత్తెయ్యాలి. ఆలస్యమైతే కాయ నిండదు.

నవంబరు చివరికి అంతా సిద్ధమైంది. అంకుల్ ఒక్క బటన్ నొక్కితే డబ్బు వెళ్లిపోతుంది. ఆయన నొక్కలేదు.

“శుక్ర మూఢం వచ్చిందమ్మా నమ్రతా. ఫిబ్రవరి దాకా ఏదీ మొదలుపెట్టకూడదు. రాజమండ్రి సిద్ధాంతిగారిని కూడా కనుక్కున్నాను.”

“అంకుల్, మూఢంలో పెళ్లి వద్దంటారు, గృహప్రవేశం వద్దంటారు. వేరుశనక్కాయలకి మూఢమేంటండీ?”

“ఎగతాళి చేయకమ్మా. మన ఇంటి పనైతే పోనీలే అనుకునేవాణ్ని. పాపం, అది వాళ్ల పొట్టకూటి పని. రేపు ఏదైనా తేడా వస్తే ఆ ఉసురు మనకి తగలదూ?”

ఆయన నిజంగానే భయపడుతున్నారు. అదే నా ఖర్మ. మొండివాళ్లతో పోట్లాడొచ్చు, భయపడేవాళ్లతో ఎలా పోట్లాడతాం?

కోశాధికారి జితేందర్‌ని పట్టుకున్నాను. “జర ఓపిక పట్టు నమ్రతా. ఎట్లయినా ఇస్తం కదా, రెండు మూడు నెలల్ల ఏమైతది?” అన్నాడు. ఆఫీస్‌లో డెడ్‌లైన్ కాస్త జారితే కొంప మునిగినట్టు అరిచే మనిషి ఇతను. వాన డెడ్‌లైన్ కాదేమో! నా జేబులోంచి పంపగలిగింది నేను పంపాను. అది ఊరికి ఏ మూలకీ రాలేదు.

ఎస్నాత్‌కి అంకులే ఫోన్ చేశారు. మూఢాన్ని ఇంగ్లిష్‌లో ఏమంటారో ఆయనకు తోచలేదు. “మాకు చాలా చెడు కాలం నడుస్తోందమ్మా. అది దాటేదాకా మేం మంచి పనులేవీ చేయకూడదు” అని చెప్పారట. ఆవిడ “అయ్యో, అర్థమైంది. మీరు ధైర్యంగా ఉండండి” అందట.

“చూశావా, వాళ్లకీ పట్టింపులుంటాయి” అని నాతో సంబరంగా చెప్పారు.

ఫిబ్రవరిలో మూఢం వెళ్లిపోయాక ఒక శనివారం ఉదయం పథకం మొదలుపెట్టడానికి కమ్యూనిటీ హాల్‌లో దీపం వెలిగించాం. పులిహోర కూడా చేయించారు. తెర మీద వీడియో కాల్‌లో ఎస్నాత్, ఆవిడ వెనక ఆమె సంఘం ఆడవాళ్లు. చేలు ఎలా ఉన్నాయని నేనే అడిగాను. ఎస్నాత్ దాచలేదు. నేను పంపిన డబ్బుతో కొన్న విత్తనాలు రెండు మూడు ఇళ్లకు వచ్చాయి. మిగతా చేలల్లో గడ్డి మొలిచింది, జనం తోటల్లో కూలికి పోతున్నారు. అంకుల్ తలెత్తలేదు.

“అది సరే, ముందు మీ సంగతి చెప్పండి” అంది ఎస్నాత్ ఆయనతో. “మీ వాళ్లలో ఎవరు చనిపోయారు?”

అంకుల్ బిత్తరపోయి చూశారు.

“చెడు కాలం, ఏ పనీ చేయకూడదన్నారు కదా. మా ఊళ్లో మనిషి పోయినప్పుడే అలా పనులాపుతాం. ఫోన్‌లో పేరు అడిగి మిమ్మల్ని ఏడిపించడం ఎందుకని ఊరుకున్నాను. మీ దుఃఖానికి మేమూ ఆగాం. తొలివాన పడ్డ రోజు ఊళ్లో ఎవరూ చేలోకి దిగలేదు. విత్తనాలున్న వాళ్లు కూడా.”

ఇన్నాళ్లు మోసిన కోపం ఎక్కడికి పోయిందో, నాకు చచ్చేంత సిగ్గేసింది.

“ఎవరూ పోలేదమ్మా” అన్నారు అంకుల్. ఆ మాట మైకు దాకా కూడా రాలేదు. నేనే గట్టిగా ఇంగ్లిష్‌లో చెప్పాల్సి వచ్చింది.

ఎస్నాత్ వెనక్కి తిరిగి, తన భాషలో ఆ మాట అందరికీ చెప్పింది. ఆ ఆడవాళ్లంతా ఒకరి మొహాలొకరు చూసుకుని, చప్పట్లు కొడుతూ సంతోషంగా పాడటం మొదలుపెట్టారు.