క్రషర్ గోడ మీది కాగితం

బీర్పూర్ పక్క గుట్టకు రాళ్ల క్రషర్ వచ్చి రెండేళ్లయింది. పొద్దంతా దాని మోతే. అన్నంలో, మంచినీళ్ల బిందెల్లో తెల్లటి దుమ్ము. గుట్ట పేల్చినప్పుడల్లా ముత్తవ్వ మనవరాలు ఉలిక్కిపడి లేచి, ఊపిరందక దగ్గేది. చూడలేక ఒకనాడు ముత్తవ్వ క్రషర్ దగ్గరికే పోయింది. కూలీలంతా వింటుండగా యజమాని దశరథాన్ని మూడు సంగతులు అడిగింది. రాయి నలిగే చోట నీళ్లు చల్లాలి. మిషన్ చుట్టూ రేకులు కట్టాలి. రోజుకు ఒక్కసారే, అదీ డప్పు కొట్టించి పేల్చాలి. చూద్దామన్నాడు దశరథం. ఏమీ చూడలేదు.

వారం తిరగకముందే క్రషర్ గోడకు ఎర్రసిరా కాగితం అంటించి ఉంది. అడవిలోని అన్నలు రాసిందట. అందులోనూ అవే మూడు సంగతులు, అదే వరుసలో. చేయకపోతే దశరథం ప్రాణాలతో ఉండడని చివర ఉంది.

ఎవరో పైకి చదువుతుంటే ముత్తవ్వ విన్నది, అవి తన మాటలే. అన్నలను ఆమె ఏనాడూ చూడలేదు. ఆనాడు విన్నవాళ్లలో ఆ మాటలు అడవికి ఎవరు మోశారో తెలియదు. ఆ పూట నుంచి ఇరుగుపొరుగు ఆమెను చూసి తప్పుకుని నడిచారు.

మూడోనాడు పొద్దున్నే పోలీసు జీపు వచ్చింది. ఆమె కోసం కాదు, కల్లు గీసే కొడుకు సాయిలు కోసం; తల్లి మాటలు అన్నలకు మోసింది అతనేనని అనుమానం. తాడిచెట్టు దిగినవాణ్ణి దిగినట్టే ఎక్కించుకుపోయారు. కిందటేడు అట్లా పోయిన పక్కూరి పిల్లవాడు శవమై వచ్చాడు.

ముత్తవ్వ బస్సెక్కి జగిత్యాలలో దశరథం ఇంటికి పోయింది. అతను తలుపు తీయలేదు, కిటికీ రెక్క సందులోంచి మాట్లాడాడు.

"సేటూ, గా మాటలు నేను నీకే చెప్పిన, పది మంది ముంగట. నా కొడుక్కు ఏం ఎరుకలేదు. గంతే అచ్చి చెప్పు."

"నేను ఠాణాకు పోతే అన్నలు నన్ను ఇన్ఫార్మర్ అంటరు, ముత్తవ్వా."

"నువ్వు రాకుంటే నా కొడుకు పీనుగే అస్తది."

గడియ తీసిన చప్పుడైంది. దశరథం ఆమె వెంట ఠాణాకు వచ్చి, ఎస్సై ముందు ఉన్నదున్నట్టు చెప్పాడు. సాయంత్రానికి సాయిలును వదిలారు. నడుము నిలబెట్టలేక తల్లి భుజం పట్టుకుని నడిచాడు.

పది రోజుల్లో క్రషర్‌కు నీళ్ల పైపులు, రేకులు వచ్చాయి. పేలుడు మధ్యాహ్నం ఒక్కసారే. మనవరాలి దగ్గు తగ్గింది. పేలుళ్లకు ఊరి బావి గోడ నెర్రెలిచ్చిందని, దశరథంతో మళ్లీ ఒకమాట మాట్లాడమని ఆడవాళ్లు వచ్చి అడిగారు. ముత్తవ్వ వాకిట్లోకి రాలేదు. తనకు ఒంట్లో బాగాలేదని లోపలినుంచే చెప్పి పంపేసింది.